బుట్టలో జమ్మి

ఆ ఏడు దసరాకి రియాక్టర్ ఆగలేదు.

నర్సింహులు ఆ మందుల కంపెనీలో చేరి పంతొమ్మిదేళ్ళు. ప్రతి దసరాకీ పొద్దున ఆరింటికల్లా మిషన్లన్నీ ఆపేసేవారు. పైపులు కడిగి పసుపు పూసేవారు. గేటు ముందు గుమ్మడికాయ కొట్టేవారు. తలా ఒక స్వీటు డబ్బా చేతిలో పెట్టి ఇంటికి పొమ్మనేవారు. ఆ రోజు పనిముట్టుతో పనిచేయకూడదు. పానా కూడా దేవుడే.

కానీ రెండువేల తొమ్మిది మామూలు ఏడు కాదు. దేశదేశాలు దగ్గుతున్నాయి. పేపర్లు దాన్ని స్వైన్‌ఫ్లూ అన్నాయి. ఊళ్ళో పందుల జ్వరం అన్నారు, అని ఊరుకోకుండా ఉన్న నాలుగు పందుల్నీ హత్నూర పొలిమేర దాకా తరిమి వచ్చారు. ఆ జ్వరానికి వేసే మాత్రలోకి వెళ్ళే మందుపొడి, జిన్నారం దాటాక ఉన్న ఈ కంపెనీలోనే తయారవుతోంది. ఆగస్టు నుంచి షిఫ్టులు పన్నెండు గంటలయ్యాయి. వినాయక చవితికి సెలవు లేదు. రంజాన్‌కి లేదు. దసరాకీ లేదు.

"ఇప్పుడు ఆపితే బ్యాచ్ మొత్తం పోతుంది. పూజ మాత్రం చేసేద్దాం" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్ వెంకటేశ్వరరావు. కోస్తా నుంచి వచ్చి పాతికేళ్ళుగా పటాన్‌చెరులో ఉంటున్న మనిషి. తడి కుంకుమ వేలికి అద్దుకుని, నడుస్తున్న రియాక్టర్ ఒంటికి బొట్టు పెట్టాడు. వేడికి వేలు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. బొట్టు క్షణంలో ఎండి పొడిగా రాలిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ రాలింది.

"సరేలే, స్విచ్‌బోర్డు మీద పెడదాం" అన్నాడు వేలు ఊదుకుంటూ.

నర్సింహులు చూస్తూ నిలబడ్డాడు. ఆ రియాక్టర్ దగ్గర ఇద్దరుండాలి. ఆ రోజు ఒక్కడే ఉన్నాడు.

రెండోవాడి పేరు అంజన్న. హత్నూరవాడు. నర్సింహులు ఊరివాడైన పెద్దరాములుకి అల్లుడు. శుక్రవారం నుంచి దగ్గుతున్నాడు. శనివారం మధ్యాహ్నం ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలోంచి తింటుండగా అంజన్న చేతిలోని రొట్టె కింద పడింది. ఒళ్ళు కాలిపోతోంది. కంపెనీ జీపులో పట్నం దవాఖానకి తీసుకుపోయారు. ఆదివారం సాయంత్రం వెంకటేశ్వరరావు నర్సింహులుకి ఫోన్ చేశాడు.

"అంజన్నది అదేనట. రిపోర్టు వచ్చింది. నీకు జ్వరం, దగ్గు ఏమైనా ఉన్నాయా?"

"లేవు సార్."

"అయితే రేపు పండగైనా డ్యూటీకి రా. ఇంట్లో కాస్త దూరంగా ఉండు. ఊళ్ళోకి వెళ్ళకు, ఎవరితోనూ ఏమీ అనకు. జనం భయపడతారు, గేటు ముందుకొచ్చి కూర్చుంటారు. అర్థమైందా?"

"అయింది సార్."

అర్థమైంది. కానీ దసరా సాయంత్రం ఊరి బయట జమ్మి దగ్గర అతనికి ఒక పని ఉంది. దానికోసం అతను పదకొండు నెలలుగా ఎదురుచూస్తున్నాడు.

ఆ పని అన్న కిష్టప్పతో.

పోయిన ఏడు దసరా వెళ్ళిన వారానికి, కంపెనీ మురుగు కలిసే వాగునీళ్ళు తాగి కిష్టప్ప బర్రెలు రెండు ఒకే రోజు చచ్చాయి. కిష్టప్ప సంగారెడ్డికి ఆరుసార్లు తిరిగి, ఆఫీసర్లను ఊళ్ళోకి తీసుకొచ్చాడు. వాగే కాదు, బోరింగు నీళ్ళూ పాడయ్యాయని చూపించాడు. కంపెనీవాళ్ళు తమ వంతుగా నర్సింహులును తీసుకొచ్చి బోరింగు పక్కన నిలబెట్టారు.

"నువ్వు ఈ ఊరివాడివేనా? నీళ్ళు ఎలా ఉన్నాయి?" అని అడిగాడు ఆఫీసరు.

"మంచిగనే ఉన్నయి సార్."

"తాగుతారా?"

జవాబు చెప్పే బదులు నర్సింహులు బోరింగు కొట్టాడు. చెంబు నిండా పట్టాడు. ఊరంతా చూస్తుండగా గుక్క తిప్పుకోకుండా తాగాడు. ఆఫీసరు రాసుకున్నాడు. అప్పటికే ఊళ్ళో ప్రతి ఇంట్లో రెండు కుండలుండేవి. ఒకటి బోరింగు నీళ్ళకి, కడుగుడుకి. రెండోది పక్కూరి ట్యాంకు నుంచి సైకిల్ మీద తెచ్చుకునే తాగేనీళ్ళకి. నర్సింహులు ఇంట్లో కూడా రెండు కుండలే.

కిష్టప్ప చచ్చిన బర్రె పలుపు చేతిలో పట్టుకుని అంతా చూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. పలుపు భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడకి అటూ ఇటూ పదకొండు నెలలుగా మాట లేదు.

బతిమాలుకోవచ్చు కదా అంటారేమో. ఆ ఊళ్ళో ఆ అలవాటు లేదు. తప్పయిందని చెప్పే మాట సినిమాల్లో విన్నారు కానీ ఎవరి నోటా రాదు. దానికి ఒక రోజుంది. దసరా సాయంత్రం మగవాళ్ళంతా జమ్మి దగ్గరకి పోతారు. చిన్నవాడు జమ్మాకు తెంపి పెద్దవాడి చేతిలో పెడతాడు. ఆ రోజు దాని పేరు బంగారం. పెట్టి కాళ్ళు మొక్కుతాడు. పెద్దవాడు కాదనడానికి లేదు. లేపి అలాయి బలాయి ఇస్తాడు. అంతే. గట్టు తగాదా అయినా, పెళ్ళిలో జరిగిన అవమానమైనా ఆ కౌగిలితో చెల్లిపోతుంది. మర్నాడు పొద్దున గోడ మీంచి, "ఏంరా, బర్రెకు గడ్డి ఉన్నదా?" అని అడుగుతారు. అందుకే ఊళ్ళో కొట్లాడుకున్నవాళ్ళు మధ్యలో కలుసుకునే ప్రయత్నమే చేయరు. దసరా ఉంది కదా అనుకుంటారు.

ఈసారి దసరా ఉంది. కౌగిలే లేదు.

ఊరి నర్సు అన్నపూర్ణ నాలుగు రోజుల ముందే ఆటోలో మైకు కట్టించుకుని తిరిగింది. దగ్గరికి రావద్దు, చేతులు కలపొద్దు, అలాయి బలాయి అసలే వద్దు. సర్పంచ్ ఐలన్న ఒక ఉపాయం కనిపెట్టాడు. జమ్మి ముందే తెంపి వెదురు బుట్టలో పోస్తారు. బుట్టను మంచం మీద పెడతారు. ఎవరికి వాళ్ళు వచ్చి తలా ఒక రెమ్మ తీసుకుని పోవాలి.

నాలుగింటికి నర్సింహులు మేనేజర్ గదికి వెళ్ళాడు.

"జెర ముందుగాల పోత సార్. పండుగ."

వెంకటేశ్వరరావు గోడ గడియారం వంక చూశాడు. "ఇంటికేగా?"

"ఇంటికే సార్."

డ్రెస్సులు మార్చుకునే గదిలో నర్సింహులు అల్మారా తెరిచి కొత్త సూటు ప్యాకెట్ ఒకటి తీశాడు. మెడ నుంచి మడమ దాకా ఒకే ముక్కగా ఉండే తెల్ల సూటు. దానితోపాటు రబ్బరు గ్లౌజులు, ముక్కుకి రెండు వైపులా డబ్బాల్లాంటివి ఉండే మాస్కు. నిన్న రాత్రి అన్నం ముందు కూర్చుని ఆలోచించి పెట్టుకున్నదే. ఈ సూటు లోపలికి మందుపొడి రాదు. లోపలిది బయటికి మాత్రం ఎలా పోతుంది? ఇది వేసుకుని అన్నకి జమ్మి ఇస్తే ఎవరికీ ఏమీ కాదు.

అందులో ఒక పొరపాటుంది. ఆ మాస్కు లోపలికి పీల్చే గాలినే వడకడుతుంది. ఊపిరి వదిలినప్పుడు ముందున్న చిన్న రబ్బరు మూత తెరుచుకుని, గాలి ఉన్నదున్నట్టు బయటికి పోతుంది. ప్రతి శనివారం ఆ మూతలు విప్పి కడిగేది నర్సింహులే. ఆ సాయంత్రం ఆ సంగతి అతనికి తట్టలేదు.

ఇంటికి వచ్చి సూటు తొడుక్కుంటుంటే భార్య ముత్యమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏందయ్యా ఈ ఏషం? జమ్మికి పోతున్నవా, చంద్రుని మీదికి పోతున్నవా?"

"అన్నకు జమ్మియ్యాలె."

"బుట్టలకెల్లి తీసుకొమ్మన్నరు గద."

"బుట్ట ఇస్తే నేనిచ్చినట్టు ఎట్లయితది?"

ముత్యమ్మ లోపలికి వచ్చింది. "మొన్న సద్దుల బతుకమ్మ గూడ గట్లనే అయింది. గిరగీసి ఎవరి జాగల వాళ్ళను నిలవెట్టిన్రు. పాట ఎత్తుకుంటే మూతుల మీది కొంగులల్ల ఎవరి పాట వాళ్ళకే ఇనొచ్చింది. సద్దులు గూడ ఎవరియి వాళ్ళే తిన్నం. నేను జేసిన నువ్వులపొడి నేనే తిన్న. మీ వదినె రాజవ్వక్క గంత దూరంకెల్లి నా దిక్కు జూసింది. నేను జూసిన. ఇగ ఇంటికొచ్చిన." ఆమె అతని వీపు వెనక జిప్పు సరిచేసింది. "బావ తీసుకుంటడంటవా?"

"తీసుకోక ఏం జేస్తడు? పండుగ గద."

అంజన్న సంగతి ఆమెకీ చెప్పలేదు. నిన్న రాత్రి అరుగు మీద పడుకున్నాడు. ఉక్కపోత అన్నాడు.

జమ్మి దగ్గర ఊరి మగవాళ్ళంతా ఉన్నారు. కానీ ఎప్పటిలా గుంపు లేదు. పొలంలో నాటిన కొయ్యల్లా తలా ఒక చోట నిలబడ్డారు. డప్పులవాళ్ళు కూడా దూరం దూరంగా నిలబడటంతో దెబ్బ ఒకదాని వెనక ఒకటి పడుతోంది. మూతులకి రుమాళ్ళు, తువ్వాళ్ళు. మంచం మీద బుట్ట. పక్కన కాపలాకి పెద్దరాములు, చేతిలో కర్ర. ఒకరు వచ్చి, రెమ్మ తీసుకుని, ఎవరికీ మొక్కకుండా, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోతున్నారు. రేషన్ తీసుకున్నట్టుంది.

తెల్ల సూటులో నర్సింహులు రాగానే డప్పు ఆగింది.

"ఎవలయ్యా? గవర్మెంటోళ్ళా?" అన్నాడు ఐలన్న.

"నేనే. నర్సింహులును."

ఎవరో నవ్వారు. "కంపెనోడు కంపెనీనే తొడుక్కొని వచ్చిండు."

నర్సింహులు బుట్ట దగ్గరకి పోలేదు. పక్కనున్న జమ్మి కొమ్మ నుంచి గ్లౌజు వేళ్ళతో ఒక రెమ్మ తెంపాడు. అన్న ఎక్కడున్నాడో రాగానే చూసుకున్నాడు. మనుషులకి దూరంగా, ఒక రాయి పక్కన నిలబడి ఉన్నాడు కిష్టప్ప. నోటికి తువ్వాల లేదు. నర్సింహులు నడిచాడు. సూటు నడకకి సరసరమంటోంది. అన్నకి రెండడుగుల దూరంలో ఆగి జమ్మి ఉన్న చేయి చాచాడు.

"తీసుకో అన్న."

మాస్కు వెనక నుంచి గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది.

కిష్టప్ప ఆ చేతి వంక చూశాడు. తర్వాత కళ్ళ వంక చూశాడు. పదకొండు నెలల తర్వాత తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"ఇది నువ్విచ్చినట్టా నర్సిగా, కంపెనీ ఇచ్చినట్టా?"

ఊరంతా చూస్తోంది.

నర్సింహులు నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక మీదే ఉంది. 'అంజన్నకు అంటుకున్నది. నేను ఆనితోటి ఒక్క డబ్బల తిన్న. అందుకే తొడుక్కున్న.' అంతే. చెబితే జనం పరుగెడతారు. తెల్లారేసరికి గేటు ముందు కూర్చుంటారు. నౌకరి పోతుంది. అదీ కాక, ఇప్పుడు ఏం చెప్పినా అన్నకి వంకలా వినిపిస్తుంది. ఇంకో ఏడాది గోడకి అటూ ఇటూ.

మాట మింగేశాడు.

కుడి చేతి గ్లౌజు లాగాడు. ఎడమది లాగాడు. మాస్కు తీసి మెడ మీదికి జార్చుకున్నాడు. చెమటతో తడిసిన వట్టి చేత్తో జమ్మి అన్న చేతిలో పెట్టాడు. వంగి కాళ్ళు మొక్కాడు.

కిష్టప్ప జమ్మి తీసుకున్నాడు. అతని ముఖంలో ఏమీ మారలేదు. తమ్ముణ్ణి లేపాడు. కుడి భుజానికి, ఎడమ భుజానికి, మళ్ళీ కుడి భుజానికి. మూడుసార్లు. ఎలా చేయాలో అలా.

"గట్ల జెయ్యొద్దన్న గద" అని ఐలన్న దూరం నుంచే అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఎవరో ఒకరి కౌగిలి చూడటం వాళ్ళకీ కావాల్సి ఉన్నట్టుంది. డప్పు మళ్ళీ మొదలైంది.

నర్సింహులు ఇంటికి వచ్చాడు. పదకొండు నెలలుగా అనుకున్నది అయిపోయింది. గుండె తేలికపడుతుందని ఎదురుచూశాడు. సూటు విప్పాడు, స్నానం చేశాడు, గారెలు తిన్నాడు. గారెలు గారెల్లాగే ఉన్నాయి.

మర్నాడు పొద్దున గోడ అవతల కిష్టప్ప తన మంచాన్ని బర్రెల కొట్టంలోకి మోసుకుపోవడం కనిపించింది. అన్నం గిన్నె కూడా రాజవ్వ కొట్టం గడప దగ్గర పెట్టి వస్తోంది.

"ఏంది వదినె, అన్న కొట్టంల పండుతున్నడా?" అని అడిగాడు నర్సింహులు గోడ మీంచి. అడగడం ఇప్పుడు చెల్లుతుంది.

"ఏమో నర్సింలు. కొత్త బర్రె ఈనేటట్టుందంటడు. అది ఈనుటానికి ఇంకా రెండు నెలలున్నది. ముసలోడైతున్నడు, ఎవరి మాట ఇంటడు" అంది రాజవ్వ.

నర్సింహులు డ్యూటీకి పోయాడు.

శుక్రవారం కిష్టప్పకి జ్వరం వచ్చింది. శనివారానికి ఊపిరి ఆడలేదు. అన్నపూర్ణే ఫోన్ చేసి అంబులెన్స్ పిలిపించింది. మూతికి గుడ్డ కట్టుకున్న ఇద్దరు మనుషులు కొట్టంలోంచి మంచంతో సహా బయటికి తెచ్చారు. వీధిలో తలుపులన్నీ ఒకటి తర్వాత ఒకటి మూసుకున్నాయి. రాజవ్వ గోడ దగ్గరకి వచ్చి నిలబడింది.

"నీ కంపెనీల గీ రోగానికే మందు జేస్తరంట గద. జెరంత తెచ్చియ్యరాదు."

"మా దగ్గర పొడే ఉంటది వదినె. అది ఇంకెక్కడికో పోతది, ఆడ మాత్రలైతయి. నేను ఆ మాత్ర ఎన్నడు సూడలె. దవాఖానల ఇస్తరు, ఊకెనే ఇస్తరు."

"పొద్దుమాపు చేస్తనే ఉంటరు, సూడలేదంటవు" అంది ఆమె. తిట్టినట్టు లేదు. ఉన్నమాట అన్నట్టే ఉంది.

నర్సింహులుకి జ్వరం రాలేదు. ఒక్క తుమ్ము కూడా రాలేదు. రోజూ పొద్దున ఆరింటికి రియాక్టర్ దగ్గర నిలబడేవాడు. తెల్లటి పొడి సంచుల్లోకి జారేది. దీనికి మొదటి సరుకు అనాసపువ్వు నుంచి తీస్తారని, బిర్యానీలో వేసే పువ్వేనని వెంకటేశ్వరరావు ఒకసారి చెప్పాడు. నర్సింహులు ఒక రోజు మాస్కు పక్కకి జరిపి వాసన చూశాడు. ఏ వాసనా రాలేదు. మళ్ళీ మాస్కు పెట్టుకున్నాడు.

బుధవారం సెలవు పెట్టి పట్నం పోయాడు.

ఆ వార్డులోకి ఎవరినీ రానివ్వరు. వరండా వైపు ఒక కిటికీ ఉంది, ఊచలతో. వార్డుబాయ్ జాలిపడి కిష్టప్ప మంచాన్ని కిటికీ వైపు జరిపాడు. కిష్టప్ప గడ్డం పెరిగి ఉంది. ముక్కులో గొట్టం ఉంది. కానీ కళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి.

"ఎట్లున్నది అన్న?"

"తక్కువైంది. ఇంకో వారం ఉంచుతరంట." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "అంజన్న ఎట్లున్నడు?"

నర్సింహులు చేయి ఊచ మీద ఉంది. తీయలేదు.

"ఇంటికొచ్చిండు. మంచిగనే ఉన్నడు." తర్వాత అడిగాడు, "అంజన్న సంగతి నీకెవలు చెప్పిన్రు?"

"పెద్దరాములు. దసరా నాడు పొద్దుగాల్నే. అల్లునికి గిట్లయిందని ఏడ్సిండు. బిడ్డను ఊరు ఎలేస్తదని నాకొక్కనికే చెప్పిండు."

బయట ఎక్కడో స్ట్రెచర్ చక్రాలు కిర్రుమన్నాయి. నర్సింహులు ఊచలకి దగ్గరగా జరిగాడు.

"ముందుగాల్నే ఎరుకైతే మరి గ్లౌజులు ఎందుకు తియ్యమన్నవే?"

"తియ్యమనలె." కిష్టప్ప గొంతులో కోపం లేదు. ఎండిన వాగు లోతు చెబుతున్నట్టు చెప్పాడు. "నువ్విచ్చినట్టా, కంపెనీ ఇచ్చినట్టా అని అడిగిన. నోటితోని చెప్తవనుకున్న. నువ్వు చేతులు ఇప్పినవ్."

"చెప్తే ఏం జేస్తుంటివి?"

"కింద పెట్టుమంటుంటి. కిందికెల్లి తీసుకుంటుంటి. పండుగ అయిపోతుండె."

నర్సింహులు ఊచ మీంచి చేయి తీసుకున్నాడు.

"నువ్వు చేతులు చాపినంక కాదనొద్దు గద. ఇచ్చిన" అన్నాడు కిష్టప్ప. "అందుకే కొట్టంల పండుకున్న. మనవరాలు ఒక్కతీరుగ మీదికెక్కుతది."

"నాతోనే వచ్చిందా అన్న?"

"ఎవలు చెప్పొస్తరు? పెద్దరాములుతోని రావచ్చు. వాడు బిడ్డ దగ్గరికి పోయొచ్చిండు, నా పక్కకు కూసున్నడు. అది గాదు సంగతి." దగ్గు వచ్చింది. తగ్గేదాకా కళ్ళు మూసుకున్నాడు. మూసుకునే అడిగాడు, "బస్సుకు వచ్చినవా?"

"ఆఁ."

"పో. పొద్దువోతది."

నర్సింహులు బస్సెక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. పటాన్‌చెరు వచ్చింది, ఫ్యాక్టరీల పొగ వచ్చింది, ఇస్నాపూర్ వచ్చింది. ఏడుపు రాలేదు.

కిష్టప్ప దీపావళికి మూడు రోజుల ముందు ఇంటికి వచ్చాడు. ఊరివాళ్ళు వీధిలోనే నిలబడి, "పాణం మంచిగున్నదా?" అని అడిగి వెళ్ళిపోయారు. గడప ఎవరూ తొక్కలేదు. రోగం పోయిందని అన్నపూర్ణ చెప్పినా తొక్కలేదు. దీపావళికి కూడా కంపెనీ ఆగలేదు. కానీ రెండింటికి షిఫ్టు దింపి, తలా ఒక స్వీటు డబ్బా ఇచ్చారు. నర్సింహులు ఆ డబ్బాతోనే వీధి తిరిగి అన్న ఇంటి గడప దాటాడు.

కిష్టప్ప అరుగు మీద కూర్చుని ఉన్నాడు. గోడకి మేకు, మేకుకి ఆ పాత పలుపు. దాన్ని కొత్త బర్రెకి వాడలేదు.

"రా. కూసో" అన్నాడు కిష్టప్ప.

నర్సింహులు కూర్చున్నాడు. రాజవ్వ లోపలి నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా మొదట నీళ్ళు. చెంబు ఎత్తి పెదవుల దాకా తెచ్చాడు.

వాసన.

ఆ వాసన అతనికి ఎంత అలవాటంటే, మామూలుగా అయితే తెలియదు. అతని బట్టల్లో, జుట్టులో, టిఫిన్ డబ్బా మూతలో ఉండేదే. బోరింగు నీళ్ళు. రాజవ్వ కుండ తప్పుగా ముంచిందో, ముంచమంటే ముంచిందో అతనికి తెలియలేదు. ఆమె మొహం చూస్తే తెలిసేదేమో. చూడలేదు. కిష్టప్ప కొట్టం వైపు చూస్తున్నాడు. బర్రె నెమరేస్తోంది.

ఇది తాగడం కష్టమేం కాదు. ఒకసారి తాగాడు. గుక్క తిప్పుకోకుండా తాగాడు.

చెంబు దించాడు.

"నీళ్ళు మంచిగ లేవన్న."

కిష్టప్ప తల తిప్పలేదు. "ఎప్పటిసంది?"

"చానా ఏండ్ల సంది."

"ఆనాడో?"

"ఆనాడు గూడ."

వీధిలో పిల్లలు తుపాకీ రీలు కాలుస్తున్నారు. ఒక్కో బిళ్ళ పేలుతోంది, ఒక్కోటి పేలట్లేదు.

"ఏమే" అని పిలిచాడు కిష్టప్ప. "ఆ రెండో కుండలకెల్లి ముంచుకరా."

రాజవ్వ ఇంకో చెంబు తెచ్చింది. నర్సింహులు తాగాడు. పక్కూరి ట్యాంకు నీళ్ళు. గొంతు తడిసింది. ఇంకేమైనా అవుతుందేమోనని ఒక నిమిషం కూర్చున్నాడు. ఏమీ కాలేదు.

"ఆఫీసర్ల దగ్గరికి పోవాలంటే ఏ బస్సుకు పోతవు?" అని అడిగాడు.

"ఎనిమిదిన్నరది. సంగారెడ్డిల దిగి నడవాలె." కిష్టప్ప ఇప్పుడు తమ్ముడి వైపు తిరిగాడు. "రేపు నీకు డ్యూటీ ఏ షిఫ్టు?"

"పొద్దటిది."

"ఆపలేదా మిషన్లు?"

"ఆపలె."

కిష్టప్ప తల ఊపాడు. స్వీటు డబ్బా తెరిచి, ఒక ముక్క తీసి తమ్ముడికిచ్చి, ఒకటి తాను తిన్నాడు. మొదటి చెంబు అరుగు మీద వాళ్ళిద్దరి మధ్యే ఉంది. దాన్ని ఎవరూ పారబోయలేదు.